కడబంతి వారికి అందినదా?

(సంఘ పాఠము: వైద్యసేవలో సమానత్వము, నర్సుల పరిచర్య)

చదువవలసిన లేఖన భాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, 2 రాజులు 5:1–4, రోమీయులకు 16:1–2.

పాఠోద్దేశ్యము: ప్రభుత్వము ఏర్పరచిన వైద్యసేవ మనలో వెనుకబడినవారికి చేరుచున్నదో లేదో పరిశీలించుట, ఆ సేవను ఇంటి గుమ్మము వరకు తెచ్చు నర్సుల పనిని గ్రహించుట, సంఘముగా మనము చేయదగిన పనిని నిర్ణయించుకొనుట.



మన తెలుగువారిలో ఒక సామెత ఉన్నది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదట. పెండ్లి భోజనాల దగ్గర నవ్వుకొనుటకు చెప్పే మాటయే గాని, ఆలోచించితే అందులో ఒక బాధ దాగియున్నది. వడ్డించేవాడు మనవాడు కాకపోతే కడబంతివారి గతి ఏమిటి? వంట నిండుగానే ఉండవచ్చును. గరిటె అక్కడివరకు రాకముందే గిన్నె అడుగంటిపోవచ్చును.

సొంత రాష్ట్రము వెలుపల బ్రదుకుచున్న మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. హోసూరులోను, బళ్లారిలోను, బరంపురములోను, సోలాపూరులోను మనవారు తాతల కాలమునుండి ఉన్నారు. పన్ను కట్టుచున్నారు, ఓటు వేయుచున్నారు. అయినను ఆసుపత్రి చీటీ మీద వ్రాసినది చదువలేక, ఎవరిని అడుగవలెనో తెలియక వెనుదిరిగి వచ్చినవారు ప్రతి సంఘములోను కనబడుదురు. ఈ పాఠములో ఆ కడబంతిని గూర్చి, అక్కడికి గరిటె తెచ్చువారిని గూర్చి ధ్యానించుదము.

1. వంట ఉన్నది, వడ్డన కుదరలేదు

యెరూషలేములోని ఆదిసంఘమునకు ఆహారపు కొదువ లేదు. విశ్వాసులు పొలములు, ఇండ్లు అమ్మి తెచ్చిన ద్రవ్యమున్నది (అపొ. 4:34–35). ప్రతిదినము పంపకము జరుగుచున్నది. పంచువారికి చెడు ఉద్దేశ్యమున్నట్లు లేఖనము చెప్పదు. అయినను గ్రీకు భాష మాటలాడు కుటుంబముల విధవరాండ్రకు వాటా అందలేదు. వారి తల్లిదండ్రులు పరదేశములలో బ్రదికినవారు. స్థానికుల మాట వారి నోట సరిగా పలుకదు. పైగా విధవరాలు గనుక తరఫున అడుగువాడు లేడు. పరాయి భాష, దిక్కులేనితనము, ఈ రెండును కలిసిన చోట ఆమె పేరు పట్టీలోనుండి జారిపోయినది.

అపొస్తలులు ఏమి చేసిరో గమనించండి. మొదటిది, సణుగుడు వినిరి, అడిగినవారిని గద్దింపలేదు. రెండవది, రొట్టెలు ఎక్కువ చేయించుటతో సరిపెట్టక వడ్డననే సరిచేసిరి. మూడవది, ఆ పనికి మంచి పేరును, ఆత్మను, జ్ఞానమును గల ఏడుగురిని ఏర్పరచిరి. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని నీకొలాసు వరకు ఆ పేర్లు చదువండి. అన్నియు గ్రీకు పేర్లే. నీకొలాసు అంతియొకయ ఊరివాడు, యూదుల మతములో క్రొత్తగా చేరినవాడు. అనగా మరువబడినవారి భాష తెలిసినవారి చేతికే గరిటె ఇచ్చిరి.

సమానత్వమనగా ప్రతి ఆకులో ఒకే కొలత వేయుటయే అని మనము సాధారణముగా అనుకొందుము. ఈ భాగము మరింత కష్టమైన కొలతను మన ముందుంచుచున్నది. అందనివారెవరో వెదకి, వారికి అందువరకు పని ముగియలేదని ఎంచవలెను. వైద్యసేవకును ఇదే కొలత.

2. దేశములో వైద్యసేవ పట్టీ

మన దేశములో ఈ ఆలోచన ఈనాటిది కాదు. స్వాతంత్ర్యమునకు ముందే 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చినది. డబ్బు ఇచ్చుకోలేని కారణముచేత ఎవరికిని తగిన వైద్యము లేకుండ పోరాదని ఆ నివేదిక చెప్పినది. ఆనాడు సుమారు 43,000 మందికి ఒక్క నర్సు ఉన్నట్లు ఆ కమిటీ లెక్క తేల్చినది.

1978లో ఆల్మా ఆటా నగరములో ప్రపంచ దేశములు సమావేశమై, అందరికిని ఆరోగ్యము దొరకవలెనంటే వైద్యము ఊరికి దగ్గరగా ఉండవలెనని ప్రకటించినవి. తరువాత మన దేశము 1983లోను, 2002లోను, 2017లోను జాతీయ ఆరోగ్య విధానములను వెలువరించినది. 2025 నాటికి ప్రభుత్వముల ఆరోగ్య వ్యయమును దేశ స్థూల ఉత్పత్తిలో 2.5 శాతమునకు పెంచవలెనని, అందులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యమునకే పోవలెనని 2017 విధానము చెప్పినది. ఆ సంవత్సరము దాటిపోయినను ఆ లెక్క ఇంకను అందలేదు.

న్యాయస్థానము కూడ మాటలాడినది. కలకత్తా ప్రాంతములో రైలునుండి పడి తలకు గాయమైన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి చేర్చుకొనక పంపివేసినవి. ఆ కేసులో 1996లో సుప్రీం కోర్టు, సమయమునకు అత్యవసర చికిత్స ఇవ్వకపోవుట రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కును భంగపరచుటయే అని తీర్పు చెప్పినది. గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకుని, లేవీయుని కథ మనకు తెలిసినదే. ఆ కథ మన దేశములో ఫైలు రూపమున నడిచినది.

పట్టీ బాగుగనే ఉన్నది. మైదాన ప్రాంతములో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతములలో 3,000 మందికి ఒక ఉపకేంద్రము. 30,000 మందికి, కొండ ప్రాంతములో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని కొలత. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను వచ్చి ఆశా కార్యకర్తలను ఇచ్చినది. 2018లో ఉపకేంద్రములను ఆరోగ్య, స్వస్థత కేంద్రములుగా మార్చుట మొదలైనది. 2023లో వాటికి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములని పేరు పెట్టిరి. ఇక మిగిలిన ప్రశ్న, యెరూషలేములో వచ్చిన ప్రశ్నయే. ఆకు దగ్గరకు తెచ్చేదెవరు?

3. గరిటె పట్టిన చేయి

ఫ్లారెన్స్ నైటింగేలమ్మను గూర్చి దీపము పట్టుకొని తిరిగిన స్త్రీగా మన పిల్లలు పాఠములలో చదివిరి. ఆమె చేతిలో లెక్కల పుస్తకము కూడ ఉండెనని తక్కువమందికి తెలియును. క్రిమియా యుద్ధములో గాయములవలన చనిపోయిన సైనికుల కంటె రోగములవలన చనిపోయినవారే ఎక్కువయని ఆమె లెక్క వేసి చూపినది. 1858లో లండనులోని గణాంక సంఘములో మొదటి స్త్రీ సభ్యురాలైనది. ఆమె లెక్కలు చూచిన తరువాత ఎవరు మరువబడిరో తెలియదని అధికారులు చెప్పుకొనుటకు వీలులేకపోయినది.

మన ఊరి ఏ.ఎన్.ఎం. అమ్మ చేయునది అదే. ఇంటింటికి తిరిగి ఎవరు గర్భిణి, ఏ బిడ్డకు ఏ టీకా మిగిలినది, ఏ వృద్ధునికి రక్తపోటు ఉన్నది అని వ్రాసికొనును. డాక్టరు తన వద్దకు వచ్చినవారిని చూచును. ఎవరు రాలేదో నర్సు రిజిస్టరులో తెలియును. ఈ ఒక్క భేదములోనే సమాన వైద్యసేవ అంతయు ఇమిడియున్నది. ఇప్పుడు ఆ కేంద్రములలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరును నియమించుచున్నారు; వారిలో ఎక్కువమంది నర్సింగు చదివినవారే. 30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర జబ్బు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరుల పరీక్ష చేయుట వారి పని.

తమిళనాడు చూపిన మార్గము గమనింపదగినది. 2000 తరువాత అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ముగ్గురేసి స్టాఫ్ నర్సులను వంతులవారీగా నియమించి, రేయింబవళ్లు తలుపు తెరచియుంచిరి. నొప్పులు పగలే రావు గదా! రాత్రివేళ దీపము వెలుగుచు, ఒక నర్సు మెలకువగా ఉన్నదని తెలిసిన పిమ్మట ఆ కేంద్రములలో కాన్పుల సంఖ్య బాగుగా పెరిగినది.

అదే రాష్ట్రములో 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ఒక పథకము ఆరంభమైనది. కృష్ణగిరి తెలుగువారు తరతరములుగా కాపురమున్న జిల్లా. ఆ పథకము పేరునకు తెలుగులో అర్థము చెప్పుకొంటే, ప్రజలను వెదకుచు వచ్చు వైద్యము. రక్తపోటు, మధుమేహము మాత్రలను స్త్రీ కార్యకర్తలు నెలనెలా ఇంటికే తెచ్చి ఇత్తురు. మంచము పట్టినవారికి నర్సు, కాలుచేతుల కసరత్తు నేర్పు ఫిజియోథెరపిస్టు ఇంటికి వత్తురు. 2024లో ఐక్యరాజ్య సమితి దీనికి బహుమానమిచ్చినది. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకుచు పోయిన కాపరి సంగతి తెలిసిన మనకు ఈ పద్ధతి అర్థమగుట కష్టము కాదు.

మన మిషనుల చరిత్రలోను ఈ అడుగుజాడలున్నవి. అమెరికను బాప్టిస్టుల ఒంగోలు ఆసుపత్రి, కెనడియను బాప్టిస్టుల పిఠాపురము, ఆకివీడు ఆసుపత్రులు, ఒడిశా కొండలలోని సెరంగో ఆసుపత్రి మనవారికి తెలిసినవే. వేలూరులో ఐడా స్కడ్డరమ్మ ఆసుపత్రిలో 1909లోనే నర్సుల పాఠశాల ప్రారంభమైనది. 1946లో అది పట్టమిచ్చు కళాశాల స్థాయికి ఎదిగినది. ఆసుపత్రికి రాలేనివారి కొరకు ఆ డాక్టరమ్మ రోడ్డు ప్రక్కన చెట్ల క్రింద వైద్యము జరిగించినది.

4. మన కడబంతి ఎక్కడున్నది?

మా సంఘములో ఒక వృద్ధ విధవరాలు ఉన్నది. రక్తపోటుకు ఆమెకు ఒక ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చిరి. ఎట్లు వేసికొనవలెనో ఆ రాష్ట్ర భాషలో చెప్పిరి. ఆమె తల ఊపి వచ్చినది. తల తిరిగిన రోజున మాత్రము ఒకటి వేసికొని మిగిలినవి దాచుకొనుచుండెను. అయిపోతే మరల ఎవరిని అడుగవలెనో తెలియదు గదా! ఇట్లు చాల నెలలు గడచినవి. కుటుంబ ప్రార్థనకు వెళ్లిన ఒక సహోదరి, వృత్తిరీత్యా స్టాఫ్ నర్సు, కిటికీలోని డబ్బా చూచి లెక్కపెట్టినది. ఉండవలసినదానికంటె మాత్రలు ఎక్కువ ఉన్నవి. ఆమె కోపపడలేదు. ఉదయపు మాత్ర అట్ట మీద సూర్యుని, రాత్రి మాత్ర అట్ట మీద చంద్రుని బొమ్మ వేసినది. మరునాడు వెంటబెట్టుకొనిపోయి దగ్గరి ఉపకేంద్రములో పేరు వ్రాయించినది. ఈ దినమున ఆ తల్లి మాత్రలు తప్పుటలేదు.

ఇందులో మందు కొదువ లేదు, డాక్టరు కొదువ లేదు, డబ్బు కొదువ కూడ లేదు. భాష తెలిసిన ఒక చేయి మాత్రమే కొదువ. ఆ కొదువతో పక్షవాతము వచ్చియుండవచ్చును, ప్రాణమే పోయియుండవచ్చును.

మనవారికి అడ్డమగుచున్న గోడలను నాలుగుగా చెప్పుకొనవచ్చును.

(అ) భాష గోడ. మాటలాడ వచ్చినవారికి సైతము చదువ రాదు. జబ్బు పేరు, మందు వేళ, మరల రావలసిన తేదీ కాగితములోనే మిగిలిపోవును.

(ఆ) కార్డు గోడ. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల ఆరోగ్య పథకముల కార్డు ఆ రాష్ట్రములలోని కుటుంబములకు చెందినది. మూడు తరములుగా సోలాపూరులోనో బళ్లారిలోనో ఉన్నవారికి అది రాదు. వారికి తాము కాపురమున్న రాష్ట్రపు పథకమే ఆధారము. యానామువారు ఆంధ్ర గోదావరి జిల్లాల నడుమ ఉన్నను వారిది పుదుచ్చేరి ప్రభుత్వము. ఇది తెలియక అటు కాక ఇటు కాక నిలిచిపోయినవారు కలరు.

(ఇ) కూలి గోడ. బీడీలు చుట్టు తల్లికి, మగ్గము నేయు తండ్రికి, తాపీ పనివానికి ఒక పూట వరుసలో నిలుచుట అనగా ఒక పూట కూలి పోవుట. అందుచేత జబ్బు ముదిరిన తరువాతనే బయలుదేరుదురు.

(ఈ) సిగ్గు గోడ. ఉచిత వైద్యము బీదలకే అని, నర్సమ్మ కసురుకొనునేమో అని వెనుకకు తగ్గుదురు. అప్పు చేసి ప్రైవేటు ఆసుపత్రికి పోవుదురు గాని, తమకు హక్కుగా ఉన్నదానిని అడుగరు.

5. సంఘము చేయదగిన పనులు

నయమాను ఇంటిలోని ఆ చిన్నదానిని జ్ఞాపకము చేసికొనండి. పరదేశములో దాసిగా ఉన్నది. డబ్బు లేదు, అధికారము లేదు. స్వస్థత ఎక్కడ దొరకునో ఆమెకు తెలియును, తెలిసినది చెప్పినది. ఒక సైన్యాధిపతి బాగుపడుటకు ఆ ఒక్క మాట మొదలైనది. మన సంఘములు ఈపాటి పని చేయలేవా?

మొదటిది, పట్టీ వ్రాయండి. సంఘములోను మన వీధిలోను ఉన్న విధవరాండ్రు, 70 ఏండ్లు దాటినవారు, గర్భిణులు, దీర్ఘవ్యాధులు గలవారి పేర్లు, వారి అనుమతితో, ఒక పుస్తకములో ఉండవలెను. ఆ పుస్తకము ఒక్కరి వద్దనే ఉండవలెను. ఒకరి జబ్బు సంగతి పదిమందిలో ప్రార్థన అంశముగా చదువుట మంచిది కాదు. మీ ఉపకేంద్రము ఎక్కడ, అక్కడి ఏ.ఎన్.ఎం. ఎవరు, టీకాల దినమేది అనునవి గుడి నోటీసు బల్లపై వ్రాయండి.

రెండవది, తోడు ఏర్పరచండి. రెండు భాషలు చదువ వ్రాయ వచ్చిన యౌవనస్థులను ఇద్దరినైనను ఎన్నుకొని, వంతులవారీగా వృద్ధుల వెంట ఆసుపత్రికి పంపండి. స్తెఫను, ఫిలిప్పులకు అప్పగించిన పని ఇటువంటిదే.

మూడవది, తెలిసినది చెప్పండి. ఈ క్రింది సంగతులు ప్రతి ఇంటికి చేరవలెను.

• 2011 జూన్‌లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, అవసరమైతే ఆపరేషను, మందులు, పరీక్షలు, రక్తము, భోజనము, రాకపోకల వాహనము అన్నియు ఉచితము. పుట్టింటికి పోవు మన ఆడపిల్ల తన తల్లీబిడ్డల కార్డును తప్పక వెంట తీసికొనిపోవలెను. ఆ కార్డు చూచి అక్కడి నర్సు మిగిలిన టీకాలు, పరీక్షలు కొనసాగించును.

• క్షయవ్యాధి మందులు దేశమంతట ఉచితము. నిక్షయ్ అను పట్టికలో పేరు ఉన్న రోగి ఊరు మారినను మందు ఆగనక్కరలేదు. బయలుదేరుటకు ముందు నర్సుకు చెప్పవలెను. పోషకాహారమునకు 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చిరి. 2024 నవంబరు నుండి దానిని 1,000 చేసిరి.

• 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డుపై కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స కలదు. పథకములో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రములో ఉన్నను ఆ కార్డు చెల్లును. 2024 అక్టోబరు నుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ దీనిని విస్తరించిరి. విచారించుటకు ఫోను నంబరు 14555.

నాలుగవది, నర్సును పిలువండి. ఏడాదికి రెండుసార్లయినను మీ ప్రాంతపు ఏ.ఎన్.ఎం.ను, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరును గుడి ఆవరణమునకు ఆహ్వానించి, 30 ఏండ్లు దాటినవారికి పరీక్షలు చేయించండి. కూలి పోకుండ సాయంకాలమునో సెలవు దినముననో పెట్టించుటకు బ్రతిమాలండి. పొరుగువారిని కూడ రానియ్యండి. వారు ఏ భాషవారు, ఏ మతమువారు అని చూడవద్దు. సమరయుడు ఆ ప్రశ్న వేయలేదు.

ఐదవది, వినయముగా అడుగండి. ఉపకేంద్రములో నర్సు పోస్టు ఖాళీగా ఉన్నచో, మందులు లేనిచో, తెలుగులో ఒక బోర్డు కావలసియున్నచో, సంఘ పెద్దలు సంతకములు చేసి మునిసిపాలిటీకో, జిల్లా ఆరోగ్య అధికారికో అర్జీ ఇవ్వవలెను. ఆదిసంఘములో సణుగుడు ఫిర్యాదైనది, ఫిర్యాదు పరిష్కారమైనది. అడుగుట అవిశ్వాసము కాదు.

6. నర్సు సహోదరికి మన ఋణము

పౌలు కెంక్రేయలోని ఫీబే అను సహోదరిని రోమా సంఘమునకు పరిచయము చేయుచు, ఆమె అనేకులకు సహాయురాలైనదని చెప్పి, ఆమెకు ఏమి కావలసినను మీరు సహాయము చేయుడని కోరుచున్నాడు. రెండవ భాగమును మనము తరచుగా మరచిపోవుదుము. సేవ చేయు ఆమెకు కూడ అక్కరలుండును.

మన తెలుగు క్రైస్తవ కుటుంబముల ఆడపిల్లలు ఎందరో నర్సింగులో ప్రవేశించిరి. ఒకప్పుడు పరాయివారి దేహములు ముట్టుకొను పని అని, రాత్రి డ్యూటీ అని బంధువులు చిన్నచూపు చూచిరి. పెండ్లి సంబంధములు తప్పిపోయినవి. ఇప్పుడు విదేశములో సంపాదన ఉన్నదని అదే నోటితో పొగడుచున్నాము. రెండును నర్సు పనిని సరిగా ఎంచిన మాటలు కావు. మన కూడికలకు డాక్టరుగారు వచ్చినప్పుడు పూలదండ వేయుదుము. పది కిలోమీటర్లు తిరిగి టీకాలు వేసి వచ్చిన ఏ.ఎన్.ఎం. సహోదరి వెనుక చాప మీద కూర్చుండును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారము 2023లో లోకమంతటిలో నర్సులు సుమారు 2 కోట్ల 98 లక్షలు. ఇంకను 58 లక్షలమంది కొరత. ఉన్నవారు కూడ సంపన్న దేశములలో ఎక్కువగా చేరియున్నారు. మన పిల్లలు వెళ్లుట తప్పని మేము చెప్పము. ఇంటి అప్పు, తమ్ముని చదువు వారి భుజముల మీద ఉన్నవి. ఇక్కడ నిలిచినవారికి గౌరవమైన జీతము, భద్రమైన ఉద్యోగము, రాత్రివేళ రక్షణ దొరకవలెనని మాత్రము గట్టిగా చెప్పుదుము. అనేకమంది కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరులు కాంట్రాక్టు మీదనే పని చేయుచున్నారు. నర్సింగు విద్యను, వృత్తిని చక్కబరచుటకు 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టము వచ్చినది. చట్టము వలన వారి వేతనము, విశ్రాంతి మెరుగుపడినప్పుడే మన కడబంతికి గరిటె చేరును. అలసిన చేయి దూరముగా కూర్చున్నవారి వరకు చాపలేదు.

గనుక మీ సంఘములోని నర్సు సహోదరి ఆదివారము డ్యూటీలో ఉన్నందున ఆరాధనకు రాకపోతే, ఆమె హాజరు తగ్గినదని వ్రాయకండి. ఆమె లేని సమయమున ఆమె పిల్లలను చూచుకొనండి, ఆమె ఇంటికి భోజనము పంపండి. ఫీబేకు పౌలు కోరిన సహాయము ఇటువంటి చిన్న పనులతోనే మొదలగును.

చర్చకు ప్రశ్నలు

1. అపొ. 6:1లోని విధవరాండ్రు మరువబడుటకు గల కారణములేవి? మన ఊరిలో అటువంటివారు ఎవరు?
2. మీ ఉపకేంద్రము ఎక్కడున్నదో, అక్కడి నర్సు పేరేమో మీలో ఎందరికి తెలియును?
3. పైన చెప్పిన నాలుగు గోడలలో మీ సంఘమునకు ఏది ఎక్కువ అడ్డము? దానిని తొలగించుటకు ఈ మూడు నెలలలో ఏమి చేయుదురు?
4. ఆసుపత్రికి తోడు వెళ్లుటకు ఎవరిని ఏర్పరచుదురు? వారికి ఉండవలసిన గుణములేవి?
5. మీ సంఘములోని నర్సులకు ఏ సహాయము కావలసియున్నదని ఎప్పుడైనను అడిగితిరా?

ప్రార్థనాంశములు

మంచము పట్టిన వృద్ధుల కొరకు. కాన్పుకు సిద్ధమగుచున్న తల్లుల కొరకు. రాత్రి డ్యూటీలలో ఉన్న నర్సుల కొరకు. ఆరోగ్య విధానములు చేయు పాలకుల కొరకు. ఇంతవరకు మన పట్టీలో లేనివారి కొరకు.

అపొస్తలులు వడ్డన సరిచేసిన తరువాత దేవుని వాక్యము మరింత ప్రబలమైనదని ఆ భాగము చివర చదువుచున్నాము (అపొ. 6:7). విధవరాలి ఆకులో అన్నము పడుటకును, సువార్త వ్యాపించుటకును సంబంధమున్నది. ఆ పనికి ప్రభువు మన సంఘములను బలపరచును గాక. ఆమేన్.